లైబ్నిట్జ్ సాగదీసిన ఎస్

లైబ్నిట్జ్ పేరు వినగానే మనలో చాలామందికి గుర్తొచ్చేది ఎన్త్ డెరివేటివ్ థీరం. ప్రూఫ్ బట్టీ పడతాం, రెండు లెక్కలు చేస్తాం, ముందుకెళ్ళిపోతాం. ఆ మనిషి ఎవరో, ఎక్కడివాడో పుస్తకం చెప్పదు, పరీక్ష అడగదు. నాకు ఆయన మీద ఆసక్తి పుట్టింది మాత్రం వేరే దారిలో. గత రెండు సెమిస్టర్లుగా లెక్కల ప్రశ్నల నిధిని వెబ్ పేజీల్లోకి ఎక్కించే పని మా నలుగురి మీద పడింది. ఒక బ్రౌజర్‌లో ముచ్చటగా కనిపించే సమీకరణం ఇంకో బ్రౌజర్‌లో కుప్పకూలుతుంటే, అసలు ఈ గుర్తులన్నీ ఎవరు పెట్టారు, ఎందుకిలా పెట్టారు అని వెతుక్కుంటూ పోయాను. సగం దారులు ఒకే ఇంటికి చేరాయి. లెక్క కాగితం మీద ఎలా కనిపించాలి అన్నదాని గురించి గాట్‌ఫ్రీడ్ విల్హెల్మ్ లైబ్నిట్జ్ అంత పట్టుదలగా ఆలోచించినవాళ్ళు అరుదు. ఆయన జీవితాన్ని ఆ వైపు నుంచే చెబుతాను. ఆయన తత్వశాస్త్రం కావాలంటే లైబ్రరీలో లావుపాటి పుస్తకాలున్నాయి.

ఆయన పుట్టింది 1646లో, జర్మనీలోని లైప్‌జిగ్ ఊళ్ళో. తండ్రి అక్కడి యూనివర్సిటీలో నీతిశాస్త్రం చెప్పే ప్రొఫెసర్. పిల్లవాడికి ఆరేళ్ళప్పుడు ఆయన పోయాడు, ఇంటినిండా పుస్తకాలు వదిలి. ఆ గది తాళం తెరిచాక ఇక పిల్లవాణ్ణి పట్టుకునేవాళ్ళు లేరు. లాటిన్ దాదాపు తనకు తానే నేర్చుకున్నాడు. 20 ఏళ్ళకే లా డాక్టరేట్‌కు సిద్ధమైతే సొంతూరి యూనివర్సిటీ ఇవ్వనంది. నూరెంబర్గ్ దగ్గరున్న ఆల్ట్‌డార్ఫ్‌కి వెళ్ళి అక్కడ పట్టా తీసుకున్నాడు. అక్కడివాళ్ళు ప్రొఫెసర్ ఉద్యోగం ఇస్తామంటే వద్దన్నాడు. జీవితాంతం యూనివర్సిటీ గడప తొక్కకుండా, రాజుల కొలువుల్లోనే బతికాడు.

కానీ ఆ వయసులోనే ఒక పుస్తకం రాశాడు, 1666లో, కూర్పుల కళ గురించి. మనిషి ఆలోచనల్ని చిన్నచిన్న ముక్కలుగా విడగొట్టి, ఒక్కో ముక్కకి ఒక గుర్తు పెడితే, వాదనలన్నీ కూడికలూ తీసివేతల్లాగా చేసుకోవచ్చు కదా అన్నది అందులోని ఊహ. కుర్రతనపు ఊహే. అది పూర్తిగా ఎప్పటికీ నెరవేరలేదు కూడా. కానీ సరైన గుర్తు దొరికితే సగం పని గుర్తే చేసిపెడుతుందన్న నమ్మకం అక్కడే పాదుకుంది, చివరిదాకా పోలేదు.

1672లో మైన్జ్ ప్రభువు తరఫున రాయబారం మీద పారిస్ వెళ్ళాడు. 14వ లూయీని జర్మనీ మీదకు రాకుండా ఈజిప్టు వైపు మళ్ళించాలని పథకం. రాయబారం ఏమీ సాగలేదు. లెక్కలకి మాత్రం అదే పెద్ద అదృష్టం అయింది. అప్పటికి ఆయనకు వచ్చిన గణితం చాలా కొంచెం. పారిస్‌లో క్రిస్టియాన్ హైగెన్స్ ఆయనకు గురువులా దొరికాడు. హైగెన్స్ ఒక లెక్క ఇచ్చాడు: 1, 3, 6, 10, 15 ఇలా సాగే త్రిభుజ సంఖ్యల విలోమాలన్నీ కూడితే ఎంత? లైబ్నిట్జ్ ఒక్కో భిన్నాన్నీ రెండు భిన్నాల తేడాగా రాశాడు. వరుసగా పేర్చితే మధ్యలోవన్నీ ఒకదాన్నొకటి కొట్టేసుకున్నాయి, జవాబు 2 వచ్చింది. కూడటం, తేడా తీయడం ఒకదానికొకటి తిరగేసిన పనులని ఆయనకి ఈ చిన్న లెక్కలోనే తగిలింది. క్యాలిక్యులస్ మొత్తానికీ విత్తనం ఇదే.

1674లో పై విలువకి ఒక శ్రేణి కనుక్కున్నాడు: పైలో నాలుగో వంతు అంటే 1లోంచి మూడో వంతు తీసి, ఐదో వంతు కలిపి, ఏడో వంతు తీసి, అలా. మనవాళ్ళు ఇక్కడ కాలరెగరేయొచ్చు. ఇదే శ్రేణి అంతకు రెండు శతాబ్దాల పైనే కేరళలో సంగమగ్రామ మాధవుడి శిష్యపరంపరకు తెలుసు. 16వ శతాబ్దంలో జ్యేష్ఠదేవుడు మలయాళంలో రాసిన యుక్తిభాషలో దానికి ఉపపత్తి కూడా ఉంది. అయితే అక్కడ ఆ శ్రేణి శ్లోకాల్లోనూ, వాక్యాల్లోనూ ఉంది. కంటికి ఒక్కచూపులో ఆనే గుర్తుల్లో లేదు. ఎవరు గొప్ప అన్న పంచాయితీ నాకు పట్టదు. మాధవుడి లెక్కని ఇవాళ మనం చదువుకునేది మాత్రం లైబ్నిట్జ్ కాలపు గుర్తుల్లోనే.

ఇక అసలు రోజు. 1675 అక్టోబరు 29. ఆ నాటి చిత్తుకాగితం ఇప్పటికీ హానోవర్‌లో ఉంది. అప్పటిదాకా సన్నటి ముక్కలన్నీ కలిపిన మొత్తం అని చెప్పడానికి ఆయన ఒక లాటిన్ మాటను కుదించి రాసేవాడు, అన్నీ అనే అర్థంలో. ఆ మాట ప్రతి పంక్తిలో నాలుగైదు సార్లు దొర్లుతుంటే లెక్క కనపడేది కాదు, మాటే కనపడేది. ఆ రోజు ఆ మాట తీసేసి, మొత్తం అనే అర్థమున్న సుమ్మ అనే మాటలోని మొదటి అక్షరం పెడదామనుకున్నాడు. ఆ కాలంలో ఎస్‌కి ఒక పొడుగు రూపం ఉండేది, అచ్చులోనూ చేతిరాతలోనూ. దాన్నే గీశాడు. అదే మనం ఇంటర్ నుంచి గీస్తున్న ∫ గుర్తు. (ఇది మీ ఫోనులో ఖాళీ డబ్బాలా కనిపిస్తుంటే, ఈ వ్యాసం దేని గురించో మీకు ఇప్పటికే అర్థమైపోయినట్టే.)

తేడాకి డి అక్షరం పెట్టాడు. మొదట దాన్ని హారంలో రాశాడు, ఎక్స్ బై డి అని. రెండు వారాలు తిరక్కుండా, నవంబరు 11 నాటి కాగితంలో అది ఎక్స్ ముందుకొచ్చి డీఎక్స్ అయింది. అదే కాగితంలో ఇంకో తమాషా ఉంది. రెండు రాశుల లబ్ధానికి డి తీస్తే విడివిడి డీల లబ్ధం వస్తుందా అని తనను తానే అడుగుకుని, ఉదాహరణతో చూసి, రాదని తేల్చుకున్నాడు. ఫస్టియర్‌లో మన క్లాసులో సగం మంది చేసే పొరపాటే అది. ఆ కాగితంలో అది కూడా చెరిగిపోకుండా ఉండిపోయింది.

ఈ గుర్తుల్లో గొప్పేముందంటే, అవి చేతికి దారి చూపిస్తాయి. డీవై బై డీఎక్స్ అసలైన భిన్నం కాదని మనకు లెక్చరర్లు ఎంత చెప్పినా, చెయిన్ రూల్ రాసేటప్పుడు మధ్యలోని డీయూలు భిన్నాల్లో లాగే కొట్టుకుపోతాయి. సబ్‌స్టిట్యూషన్ చేసేటప్పుడు డీఎక్స్‌ని అటు పక్కకి జరుపుతాం, పని జరిగిపోతుంది. అదే న్యూటన్ పద్ధతిలో అక్షరం నెత్తిన ఒక చుక్క. దేనితో పోల్చి మారుతోందో ఆ చుక్క చెప్పదు. కాలంతో అని మనమే అనుకోవాలి.

1676లో పారిస్ వదిలి హానోవర్ డ్యూక్ కొలువులో చేరాడు, గ్రంథాలయాధికారిగా, సలహాదారుగా. మిగిలిన 40 ఏళ్ళూ అదే ఊరు. క్యాలిక్యులస్‌ని వెంటనే అచ్చు వేయలేదు. 1684లో ఆక్టా ఎరుడిటోరమ్ అనే లైప్‌జిగ్ పత్రికలో ఆరే ఆరు పేజీల వ్యాసం వచ్చింది. సూత్రాలు ఇచ్చి ఉపపత్తులు ఇవ్వలేదు, పైగా అచ్చుతప్పులు. బెర్నూలీ సోదరులంతటి వాళ్ళకే అది పొడుపుకథలా తోచింది. ∫ గుర్తు అచ్చులోకి వచ్చింది ఇంకో రెండేళ్ళకి, 1686లో. పొడుగు ఎస్ అప్పటికే ప్రతి ముద్రాపకుడి గడుల్లోనూ ఉన్న అక్షరం కావడం ఎంత కలిసొచ్చిందో ఆలోచించండి. కొత్త అచ్చు పోత పోయించే పని లేదు.

ఇక్కడ కాస్త ఆగి అచ్చు సంగతి చెప్పాలి. అప్పటి అచ్చంటే సీసపు అక్షరాలు ఒక్కొక్కటే ఏరి వరుసలో పేర్చడం. వరుసలో ఉన్నంతసేపూ సుఖమే. ఒక భిన్నం వచ్చిందా, పైన లవం, మధ్యలో గీత, కింద హారం విడివిడిగా పేర్చాలి, చుట్టూ ఖాళీలను చిన్నచిన్న ముక్కలతో బిగించాలి, ఆ వరుసకి పైనా కిందా ఎడం పెంచాలి. చేతిరాతలో లైబ్నిట్జ్ భిన్నం గీతలు, పదాల నెత్తిన పొడుగాటి గీతలు ధారాళంగా గీసేవాడు. అచ్చుకి వచ్చేసరికి మాత్రం ముద్రాపకుడి పక్షాన నిలబడ్డాడు. భాగహారానికి రెండు చుక్కలు, అంటే మన : గుర్తు. కొన్ని పదాల్ని ఒక్కటిగా చూపే పైగీతకి బదులు బ్రాకెట్లు. ఇలా చేస్తే అంతా ఒకే వరుసలో ఇముడుతుంది, పేజీ చెదరదు. గుణకారానికి × వద్దన్నాడు. 1698లో జోహాన్ బెర్నూలీకి రాసిన ఉత్తరంలో అది ఎక్స్ అక్షరంతో కలిసిపోతుందని చెప్పి, చుక్క చాలన్నాడు. చేతిరాత అంత బాగుండని నాబోటివాళ్ళందరం ఆ మాటకి ఆయనకు రుణపడి ఉన్నాం. 1700 తర్వాత ఆక్టా పత్రిక ఈ పద్ధతుల్నే తన పద్ధతులుగా ప్రకటించుకుంది కూడా.

ఇది చదివినప్పుడు నేను కుర్చీలోంచి లేచినంత పనైంది. ఎందుకంటే మా నలుగురి తలనొప్పి అచ్చంగా ఇదే. వెబ్ పేజీ పుట్టింది భౌతికశాస్త్రవేత్తల నడుమ, జెనీవా దగ్గర సెర్న్‌లో. అయినా పేజీ అంటే వరుసల వెంట సాగే మాటలే అన్న ఊహతోనే అది పుట్టింది. 1995 నాటి ఒక ముసాయిదాలో గణితానికి చోటిచ్చారు గానీ బ్రౌజర్లు దాన్ని ఎత్తుకోలేదు. 1998లో మ్యాథ్‌ఎంఎల్ అనే ప్రమాణం వచ్చింది. ఫైర్‌ఫాక్స్ దాన్ని మొదట్నుంచీ ఆదరించింది. ఇంటర్నెట్ ఎక్స్‌ప్లోరర్‌కి వేరే ప్లగిన్ తగిలించాల్సి వచ్చేది. క్రోమ్ 2013 జనవరిలో చేర్చినట్టే చేర్చి, తర్వాతి వెర్షన్‌లోనే తీసేసింది. మళ్ళీ చేర్చేసరికి 2023 జనవరి అయింది. ఈ మధ్య పదేళ్ళూ లోకాన్ని నెట్టుకొచ్చింది మ్యాథ్‌జాక్స్ లాంటి జావాస్క్రిప్ట్ పనిముట్లు. లేటెక్‌లో రాస్తే అవి చదివి బొమ్మ కడతాయి. పేజీ తెరుచుకున్నాక ఒక క్షణం ముడి కోడ్ కనిపించి, ఆ తర్వాత ఫార్ములా గభాలున ఊడిపడటం మీరూ చూసే ఉంటారు.

తెలుగువాళ్ళకి ఈ బాధ ఎవరూ నేర్పక్కర్లేదు. మన లిపే రెండంతస్తుల లిపి. వొత్తు కిందకి దిగుతుంది, గుడి నెత్తికెక్కుతుంది. ఒకప్పుడు మన ప్రెస్సుల్లో కంపోజిటర్లు వొత్తుల్ని విడిగా ఏరుకుని కింద అమర్చేవాళ్ళు. యూనికోడ్ కుదురుకోక ముందు ఒక్కో తెలుగు సైటుకీ ఒక్కో సొంత ఫాంటు ఉండేది, అది లేకపోతే తెర మీద పిచ్చిగీతలు. 2018 ఫిబ్రవరిలో జ్ఞా అనే మన అక్షరం ఒక ప్రత్యేకమైన కూర్పులో వస్తే ఐఫోన్లలో యాప్‌లు కూలిపోయిన సంగతి గుర్తుందా? ఒక అక్షరం కిందకి ఇంకొకటి ఎలా దిగాలో యంత్రానికి చెప్పడం అంత తేలిక కాదు. ఘాతాన్ని పైకి, హారాన్ని కిందకి, వర్గమూలం గీతని లోపలున్నదాని పొడవునా సాగదీయడం కూడా ఆ జాతి సమస్యే.

మాకు ఎదురైన ఒక్క సంగతి చెబుతాను. పాత సీనియర్ల పేజీలు కొన్ని మాకు వారసత్వంగా వచ్చాయి. వాటిలో బ్రాకెట్లని మ్యాథ్‌ఎంఎల్‌లోని ఎంఫెన్స్‌డ్ అనే ట్యాగుతో పెట్టారు. అప్పట్లో అది సరైన పద్ధతే. తర్వాత ప్రమాణాన్ని కుదించినప్పుడు ఆ ట్యాగుని వదిలేశారు. ఫలితం ఏమిటంటే, కొన్ని బ్రౌజర్లలో లోపలున్న పదాలు కనిపిస్తాయి, బ్రాకెట్లు మాయమవుతాయి. ఏ ఇంటూ బ్రాకెట్లో బీ ప్లస్ సీ అనేది ఏబీ ప్లస్ సీ అయిపోతుంది. ఎర్రర్ రాదు, డబ్బా రాదు, పేజీ అందంగానే ఉంటుంది. ఒకే గదిలో ఇద్దరు ఒకే ప్రశ్నకి రెండు జవాబులు తెచ్చి, ఎవరి ఫోను వాళ్ళు చూపిస్తూ గంటసేపు కొట్టుకున్నారు. పేజీ చెదరకుండా ఉండాలని లైబ్నిట్జ్ ఎంచుకున్న బ్రాకెట్లే అవి.

ఇంకొకటి. మా హాస్టల్లో ఒక అన్నకి చూపు బాగా తక్కువ. తెరని చదివి వినిపించే సాఫ్ట్‌వేర్‌తో చదువుతాడు. చాలా సైట్లలో ఫార్ములాలు బొమ్మలుగా అతికిస్తారు, ఏ బ్రౌజర్‌లోనైనా ఒకేలా కనిపిస్తుందని. నిజమే, కనిపిస్తుంది. ఆ అన్న చెవిలో మాత్రం ఆ చోట ఇమేజ్ అనే మాట పడి వాక్యం ముందుకెళ్ళిపోతుంది. అదే మ్యాథ్‌ఎంఎల్‌లో ఉంటే, సరైన యాడ్-ఆన్ ఉన్న సాఫ్ట్‌వేర్ ఇంటిగ్రల్ ఎక్కణ్ణించి ఎక్కడికో, లోపల ఏముందో విడమరిచి చదువుతుంది. గుర్తులో అర్థం ఉండాలన్న లైబ్నిట్జ్ పట్టుదల నాకు అప్పటిదాకా తత్వశాస్త్రం కబురులాగే అనిపించేది. ఆ అన్న పక్కన కూర్చుని విన్నాక మా ప్రశ్నల నిధిలోని బొమ్మలన్నీ తీసి మళ్ళీ టైపు చేస్తున్నాం. ఇంకా సగం ఉంది.

హానోవర్ సంగతికి వద్దాం. ఆ 40 ఏళ్ళలో ఆయన చేయని పని లేదు. హార్జ్ కొండల వెండిగనుల్లోంచి గాలిమరలతో నీళ్ళు తోడించబోయి ఏళ్ళ తరబడి శ్రమపడి విఫలమయ్యాడు. గుణకారాలూ భాగహారాలూ చేసే యంత్రం కట్టించాడు. అందులోని మెట్ల పళ్ళ చక్రం 20వ శతాబ్దం దాకా లెక్కల యంత్రాల్లో వాడుకలో ఉంది. 0, 1లతోనే అంకెలన్నీ రాసే పద్ధతి మీద 1703లో వ్యాసం వేశాడు. 1693లో లోపితాల్‌కి రాసిన ఉత్తరంలో గుణకాలకి జంట అంకెల పేర్లు పెట్టాడు, మన మ్యాట్రిక్సుల్లో అడ్డువరుస, నిలువువరుస సూచించే అంకెల్లాగా. వెయ్యిమందికి పైగా మనుషులతో ఉత్తరాలు నడిపాడు. గుర్తులు ఆయనొక్కడే కూర్చుని శాసించినవి కావు, ఈ ఉత్తరాల్లో బేరసారాలాడి తేల్చినవి. జోహాన్ బెర్నూలీకి ∫ బదులు ఐ అక్షరం ఇష్టం, పేరు ఇంటిగ్రల్ అని ఉండాలని. లైబ్నిట్జ్‌కి తన పొడుగు ఎస్ ఉండాలి, పేరు మొత్తాల లెక్క అని ఉండాలని. చివరికి గుర్తు ఆయనది, పేరు బెర్నూలీలది అని రాజీపడ్డారు.

జీతమిచ్చే ప్రభువులకి ఇవేవీ అక్కర్లేదు. వాళ్ళకి కావాల్సింది తమ వంశచరిత్ర. 1685లో ఆ పని నెత్తిన పడింది. ఆధారాల కోసం ఇటలీ దాకా తిరిగొచ్చాడు. ఎంత రాసినా తరగలేదు. పోయేనాటికి 1005వ సంవత్సరం దాకానే వచ్చింది కథ.

ఈలోగా న్యూటన్‌తో గొడవ. న్యూటన్ తన పద్ధతిని 1665, 66ల్లోనే కనుక్కున్నాడు, అచ్చు వేయలేదు. 1676లో లైబ్నిట్జ్‌కి చేరేలా రాసిన ఉత్తరంలో అసలు విషయాన్ని అక్షరాల చిక్కుముడిగా దాచాడు. అదే ఏడాది లండన్‌లో లైబ్నిట్జ్ న్యూటన్ రాతప్రతి ఒకటి చూసి శ్రేణుల గురించి నోట్సు రాసుకున్న మాట నిజం. కానీ ∫, డి గుర్తులు కాగితం మీదకొచ్చింది అంతకు ఏడాది ముందు. 1712లో రాయల్ సొసైటీ విచారణ సంఘం వేసింది. అధ్యక్షుడు న్యూటనే, నివేదిక వెనక చెయ్యీ న్యూటన్‌దే, ఆ నివేదిక మీద పేరు లేకుండా వచ్చిన సమీక్ష కూడా న్యూటన్‌దే. తీర్పు ఎటు వచ్చిందో వేరే చెప్పాలా? ఇద్దరూ ఎవరికి వారే కనుక్కున్నారని ఇప్పటి చరిత్రకారులు తేల్చారు. ఆ మాట వినడానికి ఆయన లేడు.

1714లో హానోవర్ ప్రభువు ఇంగ్లండుకు రాజయ్యాడు. కొలువంతా లండన్ తరలిపోయింది. లైబ్నిట్జ్‌ని మాత్రం వంశచరిత్ర పూర్తి చేసేదాకా అక్కడే ఉండమన్నారు. 1716 నవంబరు 14న పోయాడు, 70 ఏళ్ళకి. పెళ్ళి లేదు, పిల్లల్లేరు. అంత్యక్రియలకి కార్యదర్శి వచ్చాడు గానీ కొలువు నుంచి ఎవరూ రాలేదు. తను సభ్యుడిగా ఉన్న రాయల్ సొసైటీ, తనే స్థాపించిన బెర్లిన్ అకాడమీ రెండూ పలకలేదు. సంస్మరణ చెప్పింది పారిస్ అకాడమీ ఒక్కటే. 50 ఏళ్ళకు పైగా సమాధి మీద పేరు కూడా లేదు.

గుర్తుల సంగతి వేరుగా నడిచింది. యూరప్ మొత్తం డీలతో, పొడుగు ఎస్‌లతో బెర్నూలీలనీ ఆయిలర్‌నీ చూస్తుంటే, ఇంగ్లండు దేశాభిమానంతో చుక్కలు పట్టుకుని వందేళ్ళు వెనకబడింది. చివరికి 1812లో కేంబ్రిడ్జిలో కొందరు కుర్రాళ్ళు, బాబేజ్, హెర్షెల్, పీకాక్, ఒక సంఘం పెట్టుకుని చుక్కల మీద తిరగబడ్డారు. స్టూడెంట్ క్లబ్బే అనుకోండి. 1817లో పీకాక్ పరీక్షకుడై ప్రశ్నపత్రాన్ని డీ గుర్తుల్లో ఇచ్చేశాడు. అప్పటికే ఫ్రాన్సులో ఫోరియర్ పనిచేస్తున్నాడు. ∫కి పైనా కిందా అవధులు రాసే అలవాటు ఆయన పెట్టిందే. వరుసలో ఇమిడే గుర్తుని మళ్ళీ రెండంతస్తులు చేసి, మాలాంటివాళ్ళకి పని పెట్టింది ఆయనే.

లైబ్నిట్జ్ కాగితాలు రెండు లక్షల పుటల దాకా హానోవర్‌లోనే ఉన్నాయి. ఎక్కువభాగం ఆయన బతికుండగా అచ్చు కానివే. ఆయన ఉత్తరాల సేకరణని 2007లో యునెస్కో ప్రపంచ స్మృతి జాబితాలో చేర్చింది. సమగ్ర సంపుటాల అచ్చు 1923లో మొదలైంది. సంపాదకులు తరాలు మారారు, పని ఇంకా సాగుతోంది. కొట్టేసిన గుర్తులు, ఒకదాని మీద ఒకటి దిద్దిన గుర్తులు, ఆయన ఒక్కరోజు వాడి వదిలేసిన గుర్తులు, అన్నీ ఉన్నవి ఉన్నట్టు పేర్చాలి మరి.